ఉప్పల్‌లో మనోడు, అడిలైడ్‌లో పగోడు: స్లెడ్జింగ్ చరిత్ర, మన వైపు నుంచి

ఈ రోజు ముచ్చట తిట్ల గురించి. భయపడకండి, ఇంట్లో పెద్దోళ్లు పక్కన ఉన్నా వినొచ్చు. తిట్లు చెప్పను, వాటి చరిత్ర చెప్తా.

2024 డిసెంబర్ 7, అడిలైడ్. పింక్ బాల్ టెస్ట్, రెండో రోజు. ట్రావిస్ హెడ్ 140 కొట్టి ఉన్నాడు, అది కూడా 141 బంతుల్లోనే. మన సిరాజ్ బాల్‌ని సిక్స్ కొట్టాడు. ఆ వెంటనే సిరాజ్ యార్కర్ వేశాడు, వికెట్లు లేచిపోయాయి. సిరాజ్ కళ్లు పెద్దవి చేసి, చెయ్యి ఊపి, పో పో అన్నట్టు డ్రెస్సింగ్ రూమ్ వైపు చూపించాడు. హెడ్ కూడా ఏదో అంటూ పోయాడు. స్టేడియం మొత్తం సిరాజ్‌ని ఊళ పెట్టింది.

సాయంత్రం ప్రెస్ మీట్‌లో హెడ్ ఏమన్నాడంటే, నేను బాగా వేశావని మెచ్చుకున్నా, అతను వేరేలా అనుకున్నాడు అని. మర్నాడు పొద్దున టీవీలో సిరాజ్ అసలు అలా అననే లేదన్నాడు. మంచి బాల్‌కి సిక్స్ పడితే లోపల మంట పుడుతది, అందుకే సంబరం చేసుకున్నా, తిట్టింది మాత్రం అతనే అని. ఆ మాట ఎవరికి చెప్పాడో తెలుసా? హర్భజన్ సింగ్‌కి. మైక్ పట్టుకుని ఎదురుగా నిలబడింది ఆయనే. ఆస్ట్రేలియా గడ్డ మీద తిట్ల లొల్లి గురించి అడగడానికి అంతకంటే అనుభవం ఉన్న మనిషి దొరకడు. ఎందుకో కాసేపట్లో చెప్తా.

ఐసీసీ ఇద్దరికీ చెరో డీమెరిట్ పాయింట్ ఇచ్చింది. సిరాజ్‌కి అదనంగా మ్యాచ్ ఫీజులో 20 శాతం కోత. టెస్ట్ మ్యాచ్ ఫీజు 15 లక్షలు కదా, అంటే 3 లక్షలు. ఒక్క చెయ్యి ఊపుడికి 3 లక్షలు.

ఇప్పుడు మన సమస్య చూడండి. సిరాజ్ పక్కా హైదరాబాదీ. ఆ ఏడాది అక్టోబర్‌లోనే తెలంగాణ పోలీస్‌లో డీఎస్పీ అయ్యాడు, ఆ మీమ్స్ మీ ఫోన్‌లో ఇప్పటికీ ఉండే ఉంటాయి. హెడ్ ఎవరు? సన్‌రైజర్స్ హైదరాబాద్ ఓపెనర్. 2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో వరల్డ్ కప్ ఫైనల్‌లో 137 కొట్టి మనందరినీ ఏడిపించినోడే, 5 నెలలు తిరగకముందే ఆరెంజ్ చొక్కా తొడుక్కుని బెంగళూరులో 41 బంతుల్లో 102 బాదితే మనం ఈలలు వేశాం. అప్పుడు మనోడు, అడిలైడ్‌లో పగోడు. ఈ తికమక కొత్తదేం కాదు. మన దగ్గర చాలా కాలంగా నడుస్తోంది.

ముందు మాట పుట్టుక చెప్పుకుందాం. స్లెడ్జ్ హ్యామర్ అంటే సమ్మెట. రాళ్లు కొట్టే సమ్మెట గురించి మా పాలమూరోళ్లకు, నల్గొండోళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సిన పని లేదు. ఆస్ట్రేలియా మాజీ కెప్టెన్ ఇయాన్ చాపెల్ చెప్పే కథ ప్రకారం 1960లలో అడిలైడ్‌లో ఒక ఆటగాడు ఆడమనిషి ముందు బూతు మాట జారాడు. నీ సున్నితత్వం సమ్మెట లాగుంది అని పక్కనోళ్లు ఎగతాళి చేశారు. అప్పట్లో పెర్సీ స్లెడ్జ్ అని ఒక గాయకుడి పాట బాగా నడుస్తుండె, ఆ పేరు కలిసొచ్చిందని ఇంకో కథ. ఏది నిజమైనా, పేరు వాళ్లు పెట్టారు గానీ పని మాత్రం అందరిదీ. మన ఊరి గ్రౌండ్‌లో దీన్ని గెలుకుడు అంటాం. ఎదుటోణ్ణి గెలికితే వాడు ఆట మరిచి మన మాట మీద మనసు పెడతడు. అంతే, దీని సైన్స్ మొత్తం ఇంతే.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి. మన దేశపు టెస్ట్ క్రికెట్‌లో అందరికంటే ముందు పేరు మోసిన తిట్టు కథ ఏ ఇంగ్లిష్‌వాడో తిట్టింది కాదు. మనవాళ్లను మనవాళ్లే తిట్టిన కథ. అందులో ఇటు అటు ఉన్నది కూడా తెలుగు మూలాలున్నవాళ్లే.

1936. ఇండియా టీమ్ ఇంగ్లండ్ పోయింది. కెప్టెన్ విజ్జీ, అంటే విజయనగరం మహారాజ్‌కుమార్, పూసపాటి వారి రెండో కొడుకు. బనారస్‌లో ఉండేవాడు, డబ్బుకు కొదవ లేదు, క్రికెట్ అంటే పిచ్చి. 1930-31లో హాబ్స్, సట్‌క్లిఫ్ లాంటి ఇంగ్లండ్ దిగ్గజాలను తన టీమ్‌లో ఆడించడానికి ఇండియా రప్పించిన మనిషి. కాకపోతే ఆట అంతగా రాదు. ఆ టూర్‌లో 3 టెస్టులు, 6 ఇన్నింగ్స్, మొత్తం కలిపి 33 పరుగులు. అదే టీమ్‌లో సి.కె. నాయుడు ఉన్నాడు. నాగపూర్‌లో పుట్టిన తెలుగువాడు, 1932లో లార్డ్స్‌లో ఇండియా మొదటి టెస్టుకి కెప్టెన్. అప్పటికి దేశంలో అంత పేరున్న ఆటగాడు ఇంకోడు లేడు. ఇప్పుడు తనకంటే ఎంతో తక్కువ ఆటగాడి కింద ఆడాలి. ఊహించుకోండి.

విజ్జీకి నాయుడంటే గిట్టేది కాదు. టీమ్ రెండు ముక్కలైంది. ఇప్పటికీ చెప్పుకునే కథ ఏంటంటే, బాకా జిలానీ అనే బౌలర్ ఒక రోజు పొద్దున టిఫిన్ బల్ల దగ్గర అందరి ముందు సి.కె.ని అవమానిస్తే, దానికి బహుమతిగా ఓవల్ టెస్టులో చోటు దొరికిందని. జిలానీ జీవితంలో ఆడింది ఆ ఒక్క టెస్టే. తెరవెనుక మాటలకు రసీదులు ఉండవు కాబట్టి దీన్ని కథగానే చెప్తున్నా. ఇంకో కథ కూడా ఉంది. మాంచెస్టర్‌లో మర్చంట్‌ని రనౌట్ చేయిస్తే బంగారు గడియారం ఇస్తానని ముష్తాక్ అలీకి విజ్జీ ఆశ చూపాడట. ముష్తాక్ పోయి ఆ సంగతి మర్చంట్‌కే చెప్పి నవ్వాడట. ఇద్దరూ కలిసి మొదటి వికెట్‌కి 203 కొట్టారు. ఇద్దరికీ సెంచరీలు. అది మాత్రం స్కోర్ కార్డ్‌లో ఉంది.

లాలా అమర్‌నాథ్ సంగతి కథ కాదు, రికార్డు. 1933లో ఇండియా తరఫున మొట్టమొదటి టెస్ట్ సెంచరీ కొట్టినోడు. ఆ టూర్‌లోనూ ఎసెక్స్ మీద ఒకే మ్యాచ్‌లో రెండు సెంచరీలు. మైనర్ కౌంటీస్ మ్యాచ్‌లో ఆయన్ని ప్యాడ్లు కట్టించి కూర్చోబెట్టి, ఒకరి తర్వాత ఒకరిని ముందు పంపారు. చివర్లో బ్యాటింగ్ దొరికింది. తిరిగొచ్చాక బ్యాటు, ప్యాడ్లు విసిరేసి పంజాబీలో ఏదో గొణిగాడు. అంతే, క్రమశిక్షణ పేరుతో మొదటి టెస్టు కంటే ముందే ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు. ఇక్కడ 3 లక్షల కోత గుర్తు చేసుకోండి. ఆ రోజుల్లో డీమెరిట్ పాయింట్లు లేవు, రిఫరీ లేడు, అప్పీల్ లేదు. కెప్టెన్, మేనేజర్ అనుకుంటే అయిపోయింది. తర్వాత బోమాంట్ కమిటీ విచారించి, 1937 జనవరిలో అమర్‌నాథ్ తప్పు లేదని, విజ్జీ కెప్టెన్సీయే నష్టం చేసిందని తేల్చింది. అప్పటికే టూర్ అయిపోయింది, సిరీస్ పోయింది. ఆ టూర్ నడుస్తుండగానే బ్రిటిష్ సర్కార్ విజ్జీకి సర్ బిరుదు ఇచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియదు.

నాకు ఈ కథలో పట్టుకున్నది ఒకటే. మైదానంలో పగోడు అన్న మాట ఆ సాయంత్రానికి పోతుంది. ఇంటోడు టిఫిన్ బల్ల దగ్గర అన్న మాట 90 ఏళ్లయినా పోలేదు.

ఆ తర్వాతి హైదరాబాద్ క్రికెట్ గురించి గట్టిగా చెప్పడానికి తిట్లు పెద్దగా లేవు. గులాం అహ్మద్, జైసింహ, ఆబిద్ అలీ కాలం. జైసింహ మెడ దగ్గర కాలర్ లేపి నడిచొస్తే అదే సగం మాట. ఇండియా కెప్టెన్ పటౌడీ కూడా హైదరాబాద్‌కి ఆడేటప్పుడు జైసింహ కెప్టెన్సీలోనే ఆడాడు, ఎక్కడా అహం అడ్డు రాలేదు. ముందుకు పోదాం.

2008 జనవరి, సిడ్నీ. మీలో కొందరు అప్పటికి పుట్టి కూడా ఉండరు, అందుకే కొంచెం నిమ్మదిగా చెప్తా. మన లక్ష్మణ్ 109 కొట్టాడు, సచిన్ 154 నాటౌట్. సచిన్‌తో హర్భజన్ బ్యాటింగ్ చేస్తున్నాడు. పరుగు తీస్తూ బ్రెట్ లీని బ్యాటుతో చిన్నగా తట్టాడు. ఆండ్రూ సైమండ్స్ మధ్యలో దూరాడు. మాట మాట పెరిగింది. హర్భజన్ తనను కోతి అన్నాడని సైమండ్స్ చెప్పాడు. కాదు, హిందీలో అమ్మ పేరుతో మొదలయ్యే తిట్టు, చెవికి అలా వినపడి ఉంటది అని మన వైపు వాదన. అంటే, పెద్ద తిట్టు తిట్టానని ఒప్పుకుంటే చిన్న శిక్షతో బయటపడే కేసు అది! లోకంలో ఇంకెక్కడా ఉండదు ఇలాంటి న్యాయం.

మ్యాచ్ రిఫరీ మైక్ ప్రాక్టర్ 3 టెస్టుల నిషేధం వేశాడు. ఆ టెస్టులోనే సైమండ్స్ 30 మీద ఉన్నప్పుడు అవుటైనా అంపైర్ ఇవ్వలేదు, చివరికి 162 నాటౌట్. ఆస్ట్రేలియా 122 పరుగుల తేడాతో గెలిచింది. అప్పుడు కెప్టెన్ కుంబ్లే ఆ మాట అన్నాడు, రెండు టీమ్‌లలో ఒక్కటే ఆట స్ఫూర్తితో ఆడుతోంది అని. ఆయన ఊరికే అనలేదు. 1933 జనవరిలో బాడీలైన్ సిరీస్‌లో ఛాతీకి బాల్ తగిలిన ఆస్ట్రేలియా కెప్టెన్ వుడ్‌ఫుల్, ఇంగ్లండ్ మేనేజర్‌తో దాదాపు అదే మాట అన్నాడు. వాళ్ల తాతల మాటను వాళ్ల మీదికే తిప్పి కొట్టాడు కుంబ్లే. వుడ్‌ఫుల్ ఆ మాట అన్నది ఎక్కడో తెలుసా? అడిలైడ్‌లో. హర్భజన్ అప్పీల్‌ని న్యూజిలాండ్ జడ్జి జాన్ హాన్సెన్ విన్నది కూడా అడిలైడ్‌లోనే, జనవరి 29న. జాతి వివక్ష నేరం తీసేసి, దూషణ కింద మ్యాచ్ ఫీజులో సగం జరిమానా వేశారు. ఈ అడిలైడ్ ఊరికి ఏదో ఉంది.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి, లేకపోతే చరిత్ర సగమే చెప్పినట్టు. అంతకు 3 నెలల ముందు, 2007 అక్టోబర్‌లో వడోదర వన్డేలో మన ప్రేక్షకులే సైమండ్స్‌ని చూసి కోతి అరుపులు అరిచారు. తర్వాత ముంబైలో కూడా. సైమండ్స్ పుట్టింది ఇంగ్లండ్‌లో, కన్నవాళ్లలో ఒకరిది కరీబియన్ మూలం, పెరిగింది ఆస్ట్రేలియాలో. ఆ అరుపులు ఆయనకు సరదాగా వినిపించలేదు. సిడ్నీలో హర్భజన్ ఏమన్నాడో నేను తేల్చలేను, ముంబైలో మనోళ్లు ఏం చేశారో మాత్రం కెమెరాల్లో ఉంది. సిడ్నీ గురించి మాట్లాడేటప్పుడు మనం వడోదరను మింగేస్తాం.

ఇక హైదరాబాద్ మలుపు. 2008 ఫిబ్రవరి 20, ఐపీఎల్ మొదటి వేలం. తీర్పు వచ్చి సరిగ్గా 22 రోజులు. లక్ష్మణ్ తన ఐకాన్ ప్లేయర్ హోదా వదులుకున్నాడు, ఫ్రాంచైజీ చేతిలో ఎక్కువ డబ్బు మిగలాలని. ఆ డబ్బుతో డెక్కన్ చార్జర్స్ ఎవరిని కొన్నది? సైమండ్స్‌ని. 13 లక్షల 50 వేల డాలర్లు. ఆ రోజు వేలంలో ధోనీ తర్వాత అంత రేటు ఇంకెవరికీ లేదు. గిల్‌క్రిస్ట్‌ని కూడా తీసుకున్నారు. సిడ్నీలో ఎదురెదురుగా నిలబడ్డ లక్ష్మణ్, సైమండ్స్, గిల్‌క్రిస్ట్ ముగ్గురూ ఏప్రిల్‌కల్లా ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో.

మొదటి సీజన్ మనకు అన్నీ దెబ్బలే, 14 మ్యాచుల్లో 2 గెలిచి అడుగున మిగిలాం. కానీ ఏప్రిల్ 24న ఉప్పల్‌లో రాజస్థాన్ మీద సైమండ్స్ 53 బంతుల్లో 117 కొట్టాడు. నేను అప్పుడు చిన్న పిల్లాణ్ణి, పక్కింట్లో కలర్ టీవీ ముందు కూర్చున్నా. జనవరిలో ఆ ఇంట్లోనే ఆయన్ని బూతులు తిట్టిన పెద్దమనిషి, ఆ రోజు సిక్స్ సిక్స్‌కి లేచి చప్పట్లు కొట్టాడు. చివరి ఓవర్‌లో 17 కావాలి, బాల్ సైమండ్స్ చేతిలోనే. ఎదురుగా షేన్ వార్న్. వార్న్ గెలిపించి పోయాడు. ఆ పెద్దమనిషి మళ్లీ జనవరి భాషకు వచ్చేశాడు.

మరుసటి ఏడాది దక్షిణాఫ్రికాలో కప్పు మనదే. 2009 మే 24, జొహాన్నెస్‌బర్గ్ ఫైనల్. మన కెప్టెన్ గిల్‌క్రిస్ట్. అటు బెంగళూరు కెప్టెన్ కుంబ్లే, సిడ్నీలో ఆ మాట అన్న కుంబ్లే. మొదటి ఓవర్‌లోనే గిల్‌క్రిస్ట్‌ని సున్నాకి బౌల్డ్ చేశాడు, మొత్తం 16 పరుగులకు 4 వికెట్లు. అయినా చార్జర్స్ 6 పరుగులతో గెలిచింది. తెలుగోళ్లు కుంబ్లే ఓడిపోవాలని, ఆస్ట్రేలియా వాళ్లు గెలవాలని మొక్కుకున్న రాత్రి అది. 2011లో సైమండ్స్ ముంబైకి పోయి హర్భజన్‌తోనే ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చున్నాడు. 2022 మేలో కారు ప్రమాదంలో పోయాడు సైమండ్స్. 46 ఏళ్లే.

వార్నర్ సంగతి చెప్పకుండా పోతే మీరు ఊరుకోరు. 2015 జనవరి, మెల్‌బోర్న్ వన్డే. రోహిత్ శర్మ హిందీలో ఏదో అంటే, వార్నర్ మీదికొచ్చి ఇంగ్లిష్‌లో మాట్లాడు అన్నాడు. మ్యాచ్ ఫీజులో సగం జరిమానా. సరిగ్గా ఆ ఏడాదే సన్‌రైజర్స్ కెప్టెన్ అయ్యాడు. 2016లో 848 పరుగులు కొట్టి కప్పు తెచ్చాడు. 2018 మార్చిలో కేప్‌టౌన్‌లో బాల్‌కి గరుకు కాగితం రుద్దించిన కేసులో ఏడాది నిషేధం. 2020 లాక్‌డౌన్‌లో భార్యతో కలిసి బుట్టబొమ్మ పాటకు స్టెప్పులేశాడు. 2025లో తెలుగు సినిమాలో కూడా కనిపించాడు. ఇంగ్లిష్‌లో మాట్లాడమన్న మనిషి చివరికి మన భాషలో పాటలకు పెదాలు కదిపాడు. దీని కంటే మంచి రిప్లై రోహిత్ కూడా ఇవ్వలేడు.

ఐపీఎల్ వచ్చాక తిట్లు తగ్గాయా? 2020లో మైకేల్ క్లార్క్ అదే అన్నాడు, మా వాళ్లు కాంట్రాక్టుల కోసం కోహ్లీని గెలకడానికి జంకారు అని. అప్పటి కెప్టెన్ టిమ్ పెయిన్ ఒప్పుకోలేదు. నాకైతే క్లార్క్ మాటలో సగం నిజం ఉందనిపిస్తది. డబ్బు ఒక్కటే కాదు, రెండు నెలలు కలిసి తిని, కలిసి ఓడిపోయినోణ్ణి నిజంగా ద్వేషించడం కష్టం.

పెయిన్ పేరు వచ్చింది కాబట్టి మళ్లీ సిడ్నీకి పోదాం, 2021 జనవరి. ఆఖరి రోజు. మన హనుమ విహారి, కాకినాడ పిల్లాడు, హైదరాబాద్‌లో ఆట నేర్చుకున్నాడు. తొడ కండరం చిరిగిపోయింది, పరుగెత్తలేడు. 161 బంతులు ఆడి 23 పరుగులు, నాటౌట్. అటువైపు అశ్విన్. వికెట్ పడటం లేదని పెయిన్ అశ్విన్‌ని గెలకడం మొదలుపెట్టాడు, బ్రిస్బేన్‌కి రా చూసుకుందాం అన్నట్టు. ఇండియాకి రా, అదే నీ ఆఖరి సిరీస్ అయితది అన్నట్టు అశ్విన్ తిరిగి ఇచ్చాడు. అన్నీ స్టంప్ మైక్‌లో వినిపించాయి. కాసేపటికి విహారి ఇచ్చిన క్యాచ్‌ని వదిలేసింది పెయినే. మ్యాచ్ డ్రా. మర్నాడు పెయిన్ తనే వచ్చి, నా ప్రవర్తన బాలేదని క్షమాపణ చెప్పాడు. గెలుకుడుతో తనే ఆట మీద మనసు పోగొట్టుకున్న కెప్టెన్‌కి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

అదే టెస్టులో బౌండరీ దగ్గర ఇంకోటి జరిగింది. సిరాజ్ అప్పుడే కొత్త. 2020 నవంబర్ 20న నాన్న మహమ్మద్ గౌస్ చనిపోయాడు, హైదరాబాద్‌లో ఆటో నడిపి కొడుకుని పెంచిన మనిషి. సిరాజ్ ఆస్ట్రేలియాలో క్వారంటైన్‌లో ఉన్నాడు. ఇంటికి పోలేదు, అక్కడే ఉండిపోయాడు. సిడ్నీలో ఫైన్‌లెగ్‌లో నిలబడితే వెనక నుంచి జనం జాతి పేరుతో, రంగు పేరుతో మాటలు. మూడో రోజు టీమ్ ఫిర్యాదు చేసింది. నాలుగో రోజు మళ్లీ అంటే, సిరాజ్ నడిచొచ్చి కెప్టెన్ రహానేకి చెప్పాడు. రహానే అంపైర్ల దగ్గరికి తీసుకుపోయాడు. ఆట ఆగింది. పోలీసులు ఆరుగురిని బయటికి పంపారు. కావాలంటే మ్యాచ్ వదిలేసి పోవచ్చని అంపైర్లు అన్నారట. తప్పు చేసింది మేం కాదు, ఆడతాం అన్నాడట రహానే. క్రికెట్ ఆస్ట్రేలియా క్షమాపణ చెప్పింది. వారం తిరిగేసరికి బ్రిస్బేన్‌లో సిరాజ్‌కి 73 పరుగులకు 5 వికెట్లు, సిరీస్ మనది. శంషాబాద్‌లో విమానం దిగి ఇంటికి కాదు, సీదా నాన్న సమాధి దగ్గరికి పోయాడు.

ఇది మీ అందరికీ తెలిసిన కథే. నేను చెప్పాలనుకున్నది దీని పక్కన ఉండే ఇంకో కథ. 2019 ఐపీఎల్. కోల్‌కతా మీద సిరాజ్ రెండు బీమర్లు వేశాడు, బౌలింగ్ నుంచి తప్పించారు, 2.2 ఓవర్లలో 36 పరుగులు. ఆ రోజు ఫోన్లలో మనోళ్లు ఏం రాశారో 2022లో సిరాజే చెప్పాడు. క్రికెట్ మానేసి పోయి నీ నాయనతో ఆటో నడుపుకో అని. ఇది సిడ్నీలో ఎవడో తాగి అన్న మాట కాదు. మన భాషల్లో, మన పేర్లతో, మన చేతుల్లో ఉన్న ఫోన్ల నుంచి పోయిన మాట. సిడ్నీలో ఆరుగురిని బయటికి పంపారు. 2019లో ఎవరినీ ఎక్కడికీ పంపలేదు.

ఆటో నడపడం తిట్టు ఎప్పుడైంది? పట్నంలో ఆటో నడిపేటోళ్లలో మా పాలమూరు, నల్గొండ ఊర్ల నుంచి పోయినోళ్లు ఎంతమందో మీకు తెలుసు. మీలో కొందరి నాయనలే అయి ఉంటారు.

నాదీ ఒకటి చెప్తా. జడ్చర్ల దగ్గర మా ఊర్ల నడుమ ఎండాకాలం టెన్నిస్ బాల్ టోర్నమెంట్లు జరిగేవి. ఎదుటి టీమ్‌లో ఒక ఫాస్ట్ బౌలర్ ఉండె, నా ఈడే. వాడి బాల్ మాకు కనపడేది కాదు. వాడి అమ్మానాన్నలు ముంబైకి మట్టి పనికి పోయేవాళ్లు, ఆరు నెలలకోసారి వచ్చేవాళ్లు, వాడు అమ్మమ్మ ఇంట్లో ఉండేది. మేం ఓడిపోతున్నాం. వాడు రనప్ మొదలుపెట్టినప్పుడు నాన్-స్ట్రైకర్ దగ్గర నుంచి ఒక మాట పడింది, వాళ్ల అమ్మ తట్ట మోసే పని గురించి. వాడు ఆగిపోయాడు. బాల్ అక్కడే కింద పెట్టి, చెప్పులు వేసుకుని పోయాడు. మేం ఆ మ్యాచ్ గెలిచాం. ఆ మాట అన్నది నేనే. ఆ తర్వాతి ఎండాకాలం వాడు రాలేదు, ముంబై పోయిండని చెప్పారు. వాడు మంచి బౌలర్ అయ్యేటోడా అంటే చెప్పలేను. కానీ వాడి బాల్ నాకు ఆడరాదని నాకు తెలుసు, అందుకే అన్నా.

అందుకే ఐసీసీ పుస్తకంలో గీత ఎక్కడ గీశారో నాకు కొంచెం ఆసక్తి. 2016 నుంచి డీమెరిట్ పాయింట్ల పద్ధతి వచ్చింది. 24 నెలల్లో 4 పాయింట్లు పోగైతే ఒక టెస్టో, రెండు వన్డేలో కూర్చోవాలి. 2017లో ఎంసీసీ ఆట నియమాల్లోనే ప్రవర్తన మీద ఒక నియమం చేర్చింది, మరీ ఘోరంగా చేస్తే ఆటగాణ్ణి బయటికి పంపే వీలుతో. అవుటైనోడి ముందు అతిగా అరిస్తే చిన్న శిక్ష. జాతి, మతం, రంగు, పుట్టుక జోలికి పోతే అది వేరే కేసు, పెద్ద శిక్ష. ఈ తేడా బాగానే ఉంది. కాకపోతే నాయన చేసే పని, అమ్మ మోసే తట్ట ఏ గీతలోకి వస్తాయో అందులో విడిగా కనపడదు. మన దగ్గర సగం తిట్లు అక్కడే ఉంటాయి.

మళ్లీ సిరాజ్, హెడ్ దగ్గరికి. అడిలైడ్‌లో ఆ లొల్లి మర్నాడే సిరాజ్ బ్యాటింగ్‌కి వస్తే దగ్గర ఫీల్డింగ్‌లో ఉన్న హెడ్, సిరాజ్ నిలబడి మాట్లాడుకున్నారు. అక్కడితో అయిపోయింది వాళ్లకు. అయిపోనిది మన గ్రూపుల్లోనే. తర్వాత బ్రిస్బేన్‌లో జనం సిరాజ్ బాల్ పట్టుకున్నప్పుడల్లా ఊళ పెట్టారు.

2025 ఏప్రిల్ 6, ఉప్పల్. ఈసారి సిరాజ్ గుజరాత్ టైటన్స్ చొక్కాలో. సొంత ఊరి గ్రౌండ్, ఇంటోళ్లు స్టాండ్స్‌లో. ఎదురుగా సన్‌రైజర్స్ ఓపెనర్ హెడ్. నేను మహబూబ్‌నగర్‌లో ఒక చాయ్ హోటల్‌లో చూస్తున్నా. అక్కడ పది మంది ఆరెంజ్ టీమ్ వైపే. మొదటి ఓవర్‌లోనే హెడ్ అవుట్, 8 పరుగులు. ఒక్క క్షణం ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత మూలకు కూర్చున్న పెద్దాయన మనోడే కదా తీసింది అన్నాడు. అందరూ నవ్వారు. 17 పరుగులకు 4 వికెట్లు, ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్.

ఆ జూలైలో లార్డ్స్‌లో డకెట్‌ని అవుట్ చేసి మొహం మీద అరిచాడు, భుజం తగిలింది, 15 శాతం కోత, ఇంకో డీమెరిట్ పాయింట్. మర్నాడే ఆఖరి వికెట్‌గా సిరాజ్ డిఫెండ్ చేసిన బాల్ వెనక్కి దొర్లి స్టంప్స్‌కి తగిలింది. 22 పరుగులతో ఓటమి. కింద కూలబడ్డ సిరాజ్‌ని పైకి లేపి ఓదార్చింది ఇంగ్లండ్ వాళ్లే. ఓవల్ టెస్ట్ నాలుగో రోజు జో రూట్‌ని సిరాజ్ గురించి అడిగితే నవ్వాడు. అతని కోపం ఉత్త నటన, నాకు తెలిసిపోతది, లోపల చాలా మంచోడు అన్నాడు. మర్నాడు పొద్దున, ఆగస్ట్ 4న, అదే ఉత్త కోపంతో పరుగెత్తుకొచ్చి అట్కిన్సన్‌కి యార్కర్ వేశాడు. 6 పరుగులతో గెలిచాం.